ఏరు అంటే

సార్లను నేను పేర్లతోటి గుర్తువెట్టుకోలేదు,
చాయతోటి గుర్తువెట్టుకున్న.
చక్కెర ఎక్కువ తాగెటాయన జనగామ నుంచి,
అసలే తాగనాయన పరకాల నుంచి,
గ్లాసు మళ్ల కడిగించుకొని తాగిన మేడం
ఏ ఊరో, మూడు నెలలే ఉన్నది.
పదకొండేండ్లల్ల తొమ్మిది మంది.
ఇప్పలగూడెం బడిల పొయ్యి మారలేదు, నేను మారలేదు,
మిగిలినోళ్లంత వాగు ఎండినంక వచ్చి
వాగు నిండకముందే పోయిండ్రు.

తప్పు వాళ్లదని అనను.
ఏటూరునాగారం నుంచి పొద్దున ఒక్క బస్సు,
అది గూడ డ్రైవరుకు బుద్ధి పుడితేనే.
కిరాయికి ఇల్లు దొరకది.
సిగ్నలు కావాల్నంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలె.
బదిలీ కాయితం వచ్చిన్నాడు
ఎవల మొఖం చూసినా
జరం దిగిన మనిషి మొఖమే.

ఒక్క సంగతి మాత్రం
పొయ్యికాడ కూసున్నప్పుడల్ల
పొగలెక్క కండ్లల్లకొస్తది.
ఒంటిపూట బడి. నా మనుమడు ఇడుమయ్య, ఒకటో తరగతి,
లేచి నిలవడి "ఏరు" అన్నడు.
"ఏరుకాడికి ఇప్పుడెందుకురా, కూసో" అన్నడు సారు.
మళ్ల "ఏరు" అన్నడు.
సారు నవ్విండు, మంచిగనే, కోపం లేకుంట.
పిల్లలెవ్వరు నవ్వలే.
మా కోయ మాటల ఏరంటే నీళ్లు.
వాడు దూపకు అడిగిండు.

వంటరేకుల కిందికెళ్లి నేను ఇన్న.
చెయ్యిల గంటె ఉన్నది, పక్కన నిండు బిందె ఉన్నది.
వంటామె క్లాసులకు రావద్దని
నాకెవ్వరు చెప్పలేదు.
అయినా పోలే.

తర్వాత యాకూబ్ సారు, వర్ధన్నపేటాయన.
మా మాటలు అరచేతిల రాసుకునేటోడు,
చెమటకు కరిగితే మళ్ల నా దగ్గరికొచ్చేటోడు.
అరవై మాటలు నేర్చినంక
ఆయన పేరు బదిలీల పడ్డది.
గా అరవై మాటలు మూటగట్టుకొని పోయి
ఎక్కడ్నో తెలుగు పిల్లలకు పాఠం చెప్తున్నడట.

ఈసం నాగరాణి వచ్చిననాడు
మా ఊరోళ్లే నమ్మలే.
"మనోళ్ల పిల్లకేమొస్తది, అసలు సారును పంపుమను"
అన్నడు పాయం లస్మయ్య, అందరి ముంగట.
ఆ పిల్ల ఆశ్రమ బడిల చదివి
నోటిఫికేషను కోసం ఏడేండ్లు
హన్మకొండ బట్టలషాపుల చీరలు మడతవెట్టిందట.
లస్మయ్యకు ఏం జవాబియ్యలే.
బోర్డు మీద "నీళ్లు" అని రాసి
పక్కన "ఏరు" అని రాసింది.
"రెండు ఒకటే. రెండు రాయిండ్రి."
నాకు చదువు రాదు.
పొయ్యి ఆర్పినంక నన్ను పిలిచి
వేలు వట్టి చూపిచ్చింది.
నాకొచ్చిన మొదటి మాట గదే.

ఆనాడు ఇడుమయ్య
మూడుసార్లు లేచి "ఏరు" అడిగిండు.
వానికి దూప కాలే. నాకు తెల్సు.

ఇప్పుడు రెండో పోస్టు ఖాళీ.
ఐదు తరగతులు ఒక్క గదిల,
గుడ్ల లెక్క ఆమెదే, ఫోటోలు ఆమెవే, ఎలచ్చన్ల డూటీ ఆమెదే.
నర్సమ్మకు మా మాట తెల్వకున్నా,
పట్వారి ఆఫీసోళ్లకు తెల్వకున్నా,
"నాగరాణిని పిలువుండ్రి" అంటరు.
గా పనికి జీతం లేదు, పేరు గూడ లేదు.
పాలు మరిచిన బిడ్డ మంగపేటల తల్లికాడ.

ఈ రాత్రి పన్నెండు దాక
బదిలీకి ఊళ్లు ఎంచుకోవాల్నట ఫోన్ల.
ట్యాంకు మెట్ల మీద కూసున్నది,
మొఖం మీద ఆ ఎలుగు.
ఉండుమని అననీకి నేనెవ్వరిని?
నా జీతమే మూడు నెలలకోపాలి వస్తది.
పొమ్మని అననీకి నోరు రాదు.

బిందెల ముంచి గ్లాసు నింపిన.
మోకాళ్లు నొయ్యంగ ఒక్కో మెట్టు ఎక్కిన.
"ఏరు" అన్న.
గుటగుట తాగి గ్లాసు చేతికిచ్చింది.
ఫోను ఎలుగు
ఇంక ఆరలే.